మిర్చి గోడౌనులో తెల్ల ఎలుగు

మే 28. నాలుగో గది మైనస్ ఐదు. బయట నలభై ఏడు.

ఈ లాగ్ పుస్తకాన్ని ఇకనుంచి ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సంఘం వాళ్ళు కూడా చదువుతారట. తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయమని కబురు పంపారు. ఇన్నేళ్ళుగా గది చలి, నూనె ఒత్తిడి, కరెంటు కోత తప్ప ఇంకో ముక్క రాసి ఎరగని దాన్ని. పోనీ, నోరు పెట్టుకుని బతుకుతున్నదాన్ని, రాయడానికి మాత్రం భయమెందుకు? రాస్తాను.

నా పేరు నూర్‌బాషా కాశింబీ. గుంటూరు పక్కన ఉన్న ఈ కోల్డ్ స్టోరేజీలో ప్లాంట్ ఆపరేటర్‌ని. మా నాన్న రోజుల్లో ఇక్కడ గదుల నిండా మిర్చి ఉండేది. ఎండలు ముదిరాక మిర్చి పంట కొండల మీదకి వెళ్ళిపోయింది, ఖాళీ గదులు మాకు మిగిలాయి. అవే ఎండలకి ఉత్తరాన సముద్రం మీద మంచు కరిగిపోయింది. నిలబడడానికి చోటు లేని తెల్ల ఎలుగుల్ని లోకంలో ఎక్కడ చలి గదులు ఉంటే అక్కడికి పంచారు. మా వాటాకి ఒక తల్లీ, దాని చంటిపిల్లా వచ్చాయి. తల్లి ప్రయాణంలోనే జబ్బుపడి, వచ్చిన వారానికే పోయింది. పిల్ల పేరు జున్ను. ఆ రంగు చూసి ఇంకే పేరూ తోచలేదు మాకు.

జున్ను పాలసీసా ముట్టలేదు. మూతి తిప్పేసుకుని మూలకి పోయి పడుకునేది. అప్పుడే నల్లమలలో పిల్లని పోగొట్టుకున్న మన నల్ల ఎలుగుబంటి ఒకటి, కాలికి దెబ్బ తగిలి, తెల్ల ఎలుగుల కోసం వేసిన డాక్టరు దగ్గరికి వైద్యానికి వచ్చి మా వసారాలో బోనులో ఉంది. ఇంకే దారీ లేక జున్నుని దాని దగ్గరికి వదిలాం. అది వాసన చూసింది, గట్టిగా తుమ్మింది, పక్కకి ఒత్తిగిల్లి పాలిచ్చింది. ఆ రోజు ఈ ఆవరణలో ఏడవని మనిషి లేడు. దానికి మిరియం అని పేరు పెట్టింది మా హమాలీల మేస్త్రి అంకారావు. జున్ను అన్నాక మిరియం పడకపోతే ఎట్టా అన్నాడు. మిరియం పాలలో కొవ్వు చాలదని మేం చేపనూనె కూడా పట్టాం, అది వేరే సంగతి.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇక ఇవాళ్టి ముచ్చట. జున్ను నాలుగో గది తలుపు రబ్బరు పట్టీ పీకి నమిలేసింది, కంప్రెసర్ గోల పెట్టింది, నేను జున్నుని తిట్టాను. మధ్య గదిలో కొంచెం చలి తక్కువ పెడతాం, తల్లీ పిల్లా కలిసేది అక్కడే. ఇవాళ అక్కడ జున్ను మిరియం వీపెక్కబోయింది. మన ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీదే మోస్తాయి, కాబట్టి జున్నుకి అది అలవాటు. కానీ జున్ను ఇప్పుడు మిరియానికి రెండింతలుంది. మిరియం నేలకి అతుక్కుపోయి ఒక్క కేక పెట్టింది. జున్ను దిగింది, ఏమీ ఎరగనట్టు దిక్కులు చూసింది, మళ్ళీ ఎక్కింది.


జూన్ 11. నాలుగో గది మైనస్ నాలుగు. బయట నలభై నాలుగు.

మంచు సంఘం మనిషి వచ్చింది. పేరు ఇంగా. సముద్రం ముందుకొచ్చాక రేవుగా మారిన పొన్నూరులో ఓడ దిగి మా దగ్గరికి వచ్చేసరికే ఎండకి మొహమంతా కందిపోయింది. మెడలో చిన్న పెట్టె కట్టుకుంది. ఆవిడ తన భాషలో మాట్లాడితే పెట్టె తెలుగులో చెప్తుంది. ఆ పెట్టెకి తెలుగు నేర్పిన మహానుభావులెవరో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

"నమస్సులు. శ్వేత భల్లూకమును దర్శింప వచ్చితిని," అంది పెట్టె.

అంకారావు నా చెవి దగ్గరికి వంగి, "ఏందక్కా, ఈమె హరికథ చెప్పటానికొచ్చిందా?" అన్నాడు.

నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. ఆ తర్వాత పెట్టె చెప్పిన మాటని మాత్రం రెండుసార్లు చెప్పించుకుని విన్నాను. ఉత్తరాన సముద్రం మీద మంచు మళ్ళీ కట్టిందట. రెండు శీతకాలాలుగా నిలిచిందట. సీళ్ళు కూడా తిరిగొచ్చాయట. సీలు అంటే నున్నగా, మీసాలతో, నీళ్ళలో తిరిగే జంతువు. తెల్ల ఎలుగుకి అన్నం అదే.

అంకారావు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి గాల్లోకి ఎగరేశాడు. "అయితే సముద్రం ఎనక్కి పోద్దామ్మా? బాపట్లలో మా మామోళ్ళ మిద్దె బయటపడుద్దా?"

"కాలక్రమమున," అంది పెట్టె. అంకారావుకి ఆ మాట చాలు.

ఇంగాకి మధ్య గది ఊచల ఇవతల నుంచి రెండింటినీ చూపించాం. మేం కూడా జున్ను పెద్దదయ్యాక లోపలికి వెళ్ళడం మానేశాం. ముద్దు ముద్దే, పంజా పంజాయే. రెండూ పక్కపక్కనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. ఇంగా రెండింటినీ మార్చి మార్చి చూసింది. నేను కూడా ఆవిడ కళ్ళతో కొత్తగా చూశాను. జున్ను పాదం భోజనం పళ్ళెమంత ఉంటుంది, అరికాలికి కూడా బొచ్చు, గోళ్ళు పొట్టిగా మందంగా ఉంటాయి. మిరియం పాదం అందులో సగం లేదు గానీ గోళ్ళు కొడవలి మొనల్లా వంకర తిరిగి నా వేలంత పొడుగు. జున్నుకి మెడ పొడుగు, చెవులు బుల్లివి. చలికి పెద్ద చెవులు ఉంటే గడ్డకట్టిపోవూ! మిరియానికి చెవుల నిండా జూలు, రొమ్ము మీద తెల్లటి నెలవంక మచ్చ, ఒళ్ళంతా ఎప్పుడూ దువ్వని జుట్టు. తెల్ల బొచ్చు పక్కకి తీసి చూస్తే జున్ను చర్మం కూడా నలుపే, ఆ సంగతి చాలామందికి తెలియదు. అన్నిటికన్నా పెద్ద తేడా నోరు. జున్నువి మాంసం చీల్చే పళ్ళు. మిరియానికి పైన ముందుపళ్ళు రెండు అసలు ఉండవు, ఆ సందులోంచే చెదపురుగుల్ని జుర్రేస్తుంది. చెదలు జుర్రేటప్పుడు ముక్కులోకి మట్టి పోకుండా ముక్కుపుటాలు కూడా మూసుకోగలదు.

"ఒకటి పుట్టకై పుట్టినది. వేరొకటి మంచుకై పుట్టినది," అంది ఇంగా.

"అవునమ్మా. వాటి మధ్య మాత్రం ఏ పేచీ లేదు," అన్నాను.

అప్పుడు చెప్పింది అసలు విషయం. సెప్టెంబరు చివర్లో పొన్నూరు నుంచి ఓడ బయల్దేరుతుంది. మంచులో కన్నం దగ్గర కాపు కాసి వేటాడగలదని తేలిన ఎలుగులే ఓడ ఎక్కుతాయి. తేలనివాటిని ఎక్కడో అద్దాల ఇంట్లో పెడతారు, చచ్చేదాకా అక్కడే. మా దగ్గరే ఉంచుకుంటామని నేను అనలేను. మా కంప్రెసర్లు నాకంటే ముసలివి, ఇంకో ఎండాకాలం తట్టుకోవు. జున్ను ఉంటే మంచు మీద ఉండాలి, లేకపోతే అద్దాల వెనక ఉండాలి. మూడో దారి లేదు.


జూన్ 19. నాలుగో గది మైనస్ ఆరు. బయట నలభై ఒకటి.

పరీక్షలు మొదలుపెట్టింది ఇంగా. వాసన పరీక్షలో మా జున్ను కాలరెగరేసే పని చేసింది. ఆవరణ అవతలి చివర, మూసిన షెడ్డులో దాచిన ఎండుచేప వాసన పట్టి ఊచలకి మూతి ఆనించి అటే చూస్తూ నిలబడింది. ఈతకి కాలువలో కంచె కట్టి వదిలాం. ముందుకాళ్ళు రెండే తెడ్లలా వేసుకుంటూ, వెనక కాళ్ళు చుక్కానిలా వదిలేసి, రాజహంసలా తిరిగింది. మిరియం గట్టు మీద కట్టిన బోనులోంచి పిల్ల మునిగిపోతోందని ఒకటే అరుపులు. ఇంగాకి పట్టరాని సంతోషం వేసి పెట్టెని కూడా మరిచిపోయి తన భాషలోనే అరిచింది.

మధ్యాహ్నం కన్నం పరీక్ష. నాలుగో గదిలో పాత సరుకు లిఫ్టు గొయ్యి ఉంది. దాన్ని నీళ్ళతో నింపి, గది నేలంతా మందంగా మంచు కట్టించి, గొయ్యి మీద గుండ్రంగా కన్నం కోశాం. గొయ్యి పక్కన మెషీను సొరంగం, మధ్యలో నీళ్ళ మట్టం దాకా గోడ, ఆ పైన ఊచలు. అంకారావు సొరంగంలో నిలబడి కర్రకి కట్టిన చేపని కన్నంలోకి తోయాలి.

జున్ను వచ్చింది. కన్నం వైపు చూడనైనా చూడలేదు. పక్కనే వెల్లకిలా పడుకుని, పైనున్న ఇనుప ర్యాకుల వైపు చూస్తూ నోరు తెరుచుకుని ఎదురుచూసింది. కన్నంలో చేప గిలగిలా ఆడుతూనే ఉంది. ఇంగా మొహం చూడలేకపోయాను.


జూన్ 20. నాలుగో గది మైనస్ ఆరు. బయట నలభై.

తప్పు ఎవరిదో తెలిసింది. మాదే. మిర్చి గోడౌనులో సరుకు నేలకి తగలకూడదు. నేలన పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఇది మా హమాలీలకి పుట్టుకతో వచ్చిన నియమం. జున్ను వచ్చినప్పటి నుంచి దాని చేపల్ని కూడా వాళ్ళు ర్యాకుల మీదే పెట్టారు, పై నడవ మీద నుంచి కర్రలతో కిందకి తోశారు. నేను రోజూ చూశాను. నాకూ అదే సబబుగా కనిపించింది, ఒక్కసారి కూడా ఇదేమిటి అనుకోలేదు. ఫలితం, జున్ను లెక్కలో అన్నం ఆకాశం నుంచి పడుతుంది. మంచు మీద అన్నం కాళ్ళ కింద నుంచి వస్తుంది.

"అలవాటుగా సేసేశాం అక్కా. నేల మీద పెట్టటానికి నా సేతులు రావు," అన్నాడు అంకారావు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఇంగా తిట్టలేదు. కానీ మిరియాన్ని వేరు చెయ్యమంది. జున్ను ఇప్పటికే సగం నల్ల ఎలుగులా ప్రవర్తిస్తోందట, తెల్ల ఎలుగు బుద్ధులు రావాలంటే కొంతకాలం దూరంగా ఉంచాలట. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడకి తెల్ల ఎలుగుల సంగతి తెలుసు, నాకు కంప్రెసర్ల సంగతి తెలుసు. సరేనన్నాను. మధ్య గది తలుపు మూసేటప్పుడు జున్ను మూతి సందులో పెట్టింది. మెల్లగా లోపలికి తోసి మూశాను.


జులై 6. నాలుగో గది మైనస్ ఆరు. బయట ముప్పై మూడు, వాన.

ఈ రెండు వారాల్లో జున్ను తిండి సగానికి పడిపోయింది. రబ్బరు పట్టీ కూడా నమలడం లేదు. ఆ పట్టీ నమిలితే బాగుండునని నేను కోరుకునే రోజు వస్తుందనుకోలేదు.

కానీ ఇవాళ! ఇవాళ రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. నిన్న రాత్రి కురిసిన వానకి ప్రహరీ పక్కన, కంచె లోపలి పుట్ట మెత్తబడింది. పొద్దున్న మిరియాన్ని అక్కడికి వదిలాం. రెండు పంజా దెబ్బలకి పుట్ట తల ఊడగొట్టింది. కన్నంలోకి ఉఫ్ మని ఊది మట్టి ఎగరగొట్టింది. పెదాలు గొట్టంలా చాచి కన్నానికి ఆనించి జుర్రడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆవరణ మొత్తం వినిపిస్తుంది, స్టార్టు కానని మొండికేసిన పాత స్కూటరుని తన్నుతున్నట్టు. నేను నవ్వుకుంటూ నాలుగో గది కిటికీలోంచి జున్నుని చూశాను.

జున్ను నేల మీద సాగిలపడి ఉంది. ముక్కు నేలకి ఆనించి, చెవులు ముందుకి పెట్టి, నీళ్ళు పోయే తూము దగ్గర కదలకుండా వింటోంది. బయట మిరియం జుర్రినప్పుడల్లా తూములోకి ఇంకా దగ్గరగా మూతి పెడుతోంది. ర్యాకుల వైపు చూడటం లేదు. కిందకి చూస్తోంది! మా జున్ను కిందకి చూస్తోంది!

వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఇంగా టీ తాగుతోంది. "అమ్మా, నల్లదానికి తిండి ఎక్కడి నుంచి వస్తుంది? కన్నంలోంచి! తెల్లదానికి ఎక్కడి నుంచి రావాలి? కన్నంలోంచి! దాన్ని వేరు చేస్తే ఇంకెవరు నేర్పుతారు?" అని ఊపిరి తీసుకోకుండా అరిచాను.

పెట్టె నా అరుపుని ఏ భాషలోకి ఎలా మార్చిందో గానీ ఇంగా కప్పు కింద పెట్టేసి లేచి వచ్చింది. కిటికీలోంచి చూసింది. తలుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది.

"మంచు మీద శిశువునకు ఎవ్వరును పాఠము చెప్పరు. తల్లి చేయునది చూచి నేర్చును," అంది. వెంటనే నా వైపు తిరిగి, "దీనికి తల్లి ఇదియే కదా. నేను మరచితిని. తలుపు తెరువుము," అంది.

మిరియాన్ని మధ్య గదిలోకి తోలి తలుపు తెరిచాం. జున్ను పరిగెత్తుకొచ్చి మిరియాన్ని గుద్దుకుంది, రెండూ దొర్లుకుంటూ గోడకి కొట్టుకున్నాయి. మిరియం జున్ను చెవి కొరికింది. జున్నుకి అంత హాయి ఇంకెక్కడా దొరకదు.


జులై 15. నాలుగో గది మైనస్ ఐదు. బయట ముప్పై నాలుగు.

చేప చాలదు, సీలులా నీళ్ళలోంచి పైకి తేలే బొమ్మ ఒకటి కావాలంది ఇంగా. "నాకొదిలెయ్యండి" అన్నాడు అంకారావు. పాత గోనెసంచిలో చేపకొవ్వు కూరి, దబ్బనంతో కుట్టి, పెన్సిలుతో మీసాలు కూడా గీసి తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది.

ఆ గోనెసంచి ఒకప్పటి మిర్చి టిక్కీ, అంటే ఎండుమిర్చి కుక్కిన బస్తా అని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ముందు మిరియం కన్నం దగ్గరికి వెళ్ళింది. దాని కోసం గది చలి కొంచెం తగ్గించాం లెండి. అలవాటు ప్రకారం గట్టిగా ఊదింది, ఆ తర్వాత ఒక్క పీల్పు పీల్చింది. ముప్పై ఏళ్ళ నాటి గుంటూరు ఘాటు తలకెక్కింది. తుమ్మింది చూడండి, నా జన్మలో అలాంటి తుమ్ము వినలేదు. జున్ను భయపడి ర్యాకు కిందకి దూరబోయి ఇరుక్కుంది. సొరంగంలో అంకారావు తుమ్ములు, కిటికీ దగ్గర నా తుమ్ములు. ఇంగా తుమ్మినప్పుడల్లా పెట్టె "అర్థము కాలేదు, మరల వచింపుడు" అంటోంది. పొట్ట పట్టుకుని నవ్వాం. గది కడగడానికి సాయంత్రం దాకా పట్టింది.


ఆగస్టు 2. నాలుగో గది మైనస్ ఐదు. బయట ముప్పై ఐదు.

ఇప్పుడు బొమ్మని లారీ ట్యూబుతో చేశాం, మిర్చి వాసన లేదు. ట్యూబు వెనకాల గిన్నెలో మిరియానికి బెల్లం, ఇప్పపూలు, జున్నుకి చేపకొవ్వు. మిరియం ఊదుతుంది, జుర్రుతుంది, రెండు వాటాలూ తినేసి మూతి నాక్కుంటుంది. నాలుగు రోజులు జున్ను పక్కన కూర్చుని చూసింది. ఐదో రోజు నుంచి తనూ ఊదడం మొదలుపెట్టింది. దాని ఊపిరికి గొయ్యిలో నీళ్ళు లేచి అంకారావు మొహాన కొడుతున్నాయి.

"రోజూ తలంటు పోత్తంది అక్కా నీ కూతురు," అంటున్నాడు సొరంగంలోంచి.

ఇంగా మాత్రం దిగులుగా ఉంది. ఊదితే సీలు పారిపోతుంది. జున్ను కాపు కాయాలి, కదలకుండా, ఎంతసేపైనా. మిరియానికి ఓపిక అనే మాటే తెలియదు. పుట్టలో చెదలు ఎక్కడికి పోతాయి కనక!


ఆగస్టు 20. నాలుగో గది మైనస్ ఆరు. బయట ముప్పై ఆరు.

కాపు కాయడం ఎవరూ నేర్పలేదు, ఆశ నేర్పింది. మిరియం ముందొస్తే అంతా దానికే పోతుందని జున్ను కనిపెట్టేసింది. అందుకని తిండి వేళకి చాలా ముందే వచ్చి కన్నం పక్కన పడుకుంటోంది. లేస్తే చోటు పోతుంది కాబట్టి లేవదు. కదిలితే మిరియం సందు చూసి దూరుతుంది కాబట్టి కదలదు. ఎక్కడి బుద్ధి ఎక్కడికి పనికొచ్చిందో చూడండి. ఇవాళ ట్యూబు నల్లగా తేలిందో లేదో, రెండు ముందుకాళ్ళూ ఒక్కసారి ఎత్తి దభీమని కొట్టింది. మంచు బీటలిచ్చింది. ట్యూబు, కర్ర, కర్రకి కట్టిన అంకారావు తువ్వాలు, అన్నీ కలిపి పైకి లాగేసింది.

సొరంగంలోంచి ఉలుకూ పలుకూ లేదు. హడలిపోయి, "మేస్త్రీ! ఉన్నావా?" అని కేక పెట్టాను.

"ఉన్నానక్కా! కర్ర వొదిలేశా, బతికిపోయా!" అన్నాడు. ఆ తర్వాత ఇంకా గట్టిగా, "కొట్టిందా? మన పిల్ల కొట్టిందా?" అన్నాడు.

కొట్టింది అన్నాను. సొరంగంలో గంతులు వినిపించాయి.


సెప్టెంబరు 14. నాలుగో గది మైనస్ ఎనిమిది. బయట ముప్పై నాలుగు.

అసలు పరీక్ష. మిరియం ఉండకూడదు, జున్ను ఒక్కతే. పైగా పాత అలవాటు పోయిందో లేదో చూడాలని ర్యాకు మీద వాసనొచ్చే పెద్ద చేపని వేలాడదీయించింది ఇంగా. అది నాకు నచ్చలేదు గానీ న్యాయమే. మంచు మీద దానికి దారి తప్పించేవి ఎన్ని ఉంటాయో.

జున్ను వచ్చింది. కన్నం దగ్గర ఆగి ఒక్కసారి ఉఫ్ మంది. ఇంగా కళ్ళు మూసుకుంది. జున్ను ముందుకాళ్ళు చాపి, గడ్డం మంచుకి ఆనించి పడుకుంది. చాలాసేపు గడిచింది. పైన చేప వాసన కొట్టింది కాబోలు, తల ఎత్తింది. ర్యాకు వైపు చూసింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని, తల్లీ, వద్దు, వద్దు అని లోపల్లోపలే బతిమాలుకుంటున్నాను. చూసింది, చూసింది, మళ్ళీ గడ్డం కిందకి ఆనించింది. నీళ్ళు చిన్నగా కదిలాయి. దభీ!

ట్యూబు మంచు మీదకి వచ్చిపడింది. అంకారావు సొరంగంలోంచి పరిగెత్తుకొచ్చి నన్నూ ఇంగానీ ఇద్దరినీ కలిపి ఎత్తేశాడు. ఇంగా ఏమందో తెలియదు, పెట్టె మాత్రం "భళి! భళి! భళి!" అని ఆగకుండా అరుస్తూనే ఉంది. నేను ఏడ్చాను, నవ్వాను, ఆ రెండిటి మధ్య కంప్రెసర్ నూనె చూడటం మరిచిపోయాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి.


సెప్టెంబరు 26. నాలుగో గది మైనస్ ఏడు. బయట ముప్పై రెండు, ముసురు.

మిరియం కాలు ఎప్పుడో నయమైంది. పిల్ల కోసమే ఉంచాం. ఇవాళ దాన్ని నల్లమలకి తీసుకెళ్ళే బండి వచ్చింది. బండెక్కించే ముందు మధ్య గదిలో కాసేపు రెండింటినీ వదిలాం. జున్ను వీపెక్కబోయింది. ప్రతిసారీ కేక పెట్టే మిరియం ఇవాళ నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, వణుకుతూ, ఆ బరువుని మోస్తూ నిలబడింది. జున్నే తనంతట తను దిగింది. నేను కిటికీ దగ్గర నుంచి పక్కకి వచ్చేశాను, ఇంక చూడలేక.

అడవి దగ్గర బోను తలుపు తీయగానే మిరియం ఎదురుగా ఉన్న పుట్ట మీద పడిందని, తమ వైపు కన్నెత్తి కూడా చూడలేదని బండివాళ్ళు ఫోన్ చేశారు. హాయిగా నవ్వుకున్నాను. ఎలాగూ అది మర్యాదలు తెలిసిన ఎలుగు కాదు.

నన్ను ఓడలో రమ్మంది ఇంగా. దారిపొడుగునా చలి గది చూసుకోవాలి, పైగా నా గొంతు వినిపిస్తే జున్ను కుదురుగా ఉంటుందట. నేను విజయవాడ దాటి ఎరగను. అంకారావు వాళ్ళావిడ అల్లిన స్వెట్టరు తెచ్చిచ్చాడు. "అక్కా, పిల్ల మంచు మీద అడుగెట్టగానే నాకు ఫోన్ చెయ్యాల. నేను ఇక్కడ బాణాసంచా కాలుత్తా," అన్నాడు.


నవంబరు 3. గది ఖాళీ. బయట మైనస్ పద్దెనిమిది.

స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద ఇంగా ఇచ్చిన కోటు, అయినా పళ్ళు కొట్టుకుంటున్నాయి. రాత వంకరగా ఉంటే క్షమించాలి.

పొద్దున్న ఓడ మంచు అంచుకి ఆనింది. ఎంత దూరం చూసినా తెలుపే. తలుపు తీశారు. జున్ను గడప మీద నిలబడి గాలి వాసన చూసింది, చాలాసేపు చూసింది, ఆ తర్వాత దిగింది. నా వైపు చూస్తుందేమోనని చెయ్యి ఊపుతూనే ఉన్నాను. చూడలేదు. అవతల గట్టి మంచు మీద చిన్న చిన్న నల్ల మచ్చలున్నాయి, సీళ్ళట. మధ్యలో బూడిద రంగు పట్టీ ఒకటి అడ్డంగా ఉంది. నిన్న రాత్రే కట్టిన పలచటి మంచు అని ఇంగా చెప్పింది.

జున్ను ఆ పట్టీ దాకా నడిచింది. అంచులో ఒక పాదం పెట్టింది. చటుక్కున నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా జారిపోయి పొట్ట మీద పడింది.

"పడిపోయింది! ఇంగా, కాలు విరిగింది, ఓడ ఆపించు, ఎవరైనా వెళ్ళండి!" అని అరిచాను. ఓడ ఆగే ఉందన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు.

ఇంగా నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఆవిడ మొహమంతా నవ్వే. "పడలేదు. చూడుము. బరువును పరచుచున్నది."

చూశాను. జున్ను కాళ్ళు బార్లా చాపి, పొట్ట మంచుకి ఆనించి, గోళ్ళతో మెల్లమెల్లగా లాక్కుంటూ ముందుకి పాకుతోంది. పలచటి మంచు దాని కింద కొద్దిగా వంగుతోంది గానీ విరగడం లేదు.

"ఎవరు నేర్పారమ్మా దానికి?"

"ఎవ్వరును నేర్పలేదు."

ర్యాకుల మీద తిండి పెట్టి దాన్ని పాడుచేశామని ఇన్ని నెలలు కుమిలిపోయాను. మేం పెట్టిన అలవాట్లకి ఎంత కిందనో, దాని ఎముకల్లో, ఈ సంగతి భద్రంగా ఉంది. మేం పాడుచేయలేకపోయాం. అల్లా, ఎంత బాగా చేశావయ్యా ఈ పిల్లని!

ఓడలో వాళ్ళంతా అంచుకి వచ్చి చప్పట్లు కొడుతున్నారు. అంకారావుకి ఫోన్ కలిపాను. "ఏమైందక్కా? అడుగెట్టిందా?" అంటున్నాడు. నేను ఫోన్ మంచు వైపు తిప్పి పట్టుకున్నాను. జున్ను అవతలి అంచు అందుకుంది, లేచింది, ఒళ్ళు దులుపుకుంది, నడుచుకుంటూ పోయింది.